ఏడు అలల చెంబు

తేలూరు కీళ్ల శాల, పట్టీల గది.
రాసేది: సూరాడ నూకరత్నం.

రోజు 1

కుట్టినవి: మోకాలి పట్టీలు మూడు, మణికట్టువి రెండు. వేళ్లు తప్పకుండా తొడిగే ఉంగరాలు ఆరు సాగదీసి సరిచేశాను.

ఏ పట్టీ ఎవరికి కుట్టానో రోజూ ఈ పుస్తకంలో రాయాలని రూలు. ఇంకేమీ రాయకూడదని మాత్రం ఎక్కడా రూలు లేదు. వెతికి చూశాను. కాబట్టి రాస్తాను.

పొద్దున కొలతమ్మ వచ్చింది. అంటే కొత్త యంత్రం. ఒక కుర్చీ, నాలుగు ఇనుప చేతులు, ఒక తియ్యటి ఆడగొంతు. దానికి ఏదో మూరెడు పేరుంది. శాల అధికారి జోగారావు గారు రెండుసార్లు చదివి వినిపించారు. మధ్యాహ్నానికల్లా జనం దాన్ని కొలతమ్మ అనేశారు. కుర్చీలో కూర్చుంటే ఆ చేతులు మన కీళ్లను పట్టుకుని ఎంత దూరం వంగుతాయో చూసి నూటికి మార్కులేస్తాయి. ఎంత వంగితే అన్ని మార్కులు. తొంభై దాటితే, "శభాష్! మీరు సంపూర్ణ ఆరోగ్యవంతులు."

సముద్రంలోంచి నాచు తాళ్లు లాగీ లాగీ భుజాలు పట్టేసిన వాళ్లకు ఇది పనికొస్తుంది. కాదనను. కానీ మా శాలలో నలభై ఒక్కమంది జారుకీళ్ల వాళ్లున్నారు. వంశంలో వచ్చే జబ్బు. కీళ్లను పట్టి ఉంచే నారలు పుట్టుకతోనే వదులు. బొటనవేలు వెనక్కి వంచితే మణికట్టుకు తగులుతుంది. మోకాలు వెనక్కి విరుచుకుంటుంది. తలుపు గొళ్లెం తీస్తే వేలు తప్పుతుంది, తుమ్మితే పక్కటెముక జరుగుతుంది. వాళ్లకు వంగకపోవడం కాదు బాధ. ఎక్కడ ఆగాలో కీలుకు తెలియకపోవడం బాధ.

కొలతమ్మ నలభై ఒక్కమందికీ తొంభై పైనే ఇచ్చింది.

రోజు 2

కుట్టినవి: ఏమీ లేవు. దారం తెంపేశాను, కోపానికి.

ఉత్తర్వు అంటించారు. తొంభై దాటిన వాళ్లకు ఇకమీద వ్యాయామ గంటలు లేవు. ఇరవై రెండో రోజున పట్టీలు, ఉంగరాలు తిరిగి ఇచ్చేయాలి. ఆ వెంటనే అందరూ నాచు తాళ్ల పనికి వెళ్లాలి. తడి నాచు తాడు బరువెంతో మంచి కీళ్లున్న వాళ్లను అడగండి, చెబుతారు. జారుకీళ్ల వాళ్లు దాన్ని ఒక్క పూట లాగితే భుజాలు సంచీలో గవ్వల్లా కదులుతాయి.

జోగారావు గారి దగ్గరకు వెళ్లాను.

"చూడమ్మా రత్నం," అన్నారు, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "నువ్వు పట్టీలు కుట్టేదానివి. యంత్రం లక్షమందిని చూసి నేర్చుకుంది."

"లక్షమందిలో జారుకీళ్లవాళ్లు ఎంతమంది సార్?"

"అది దానికి తెలుస్తుంది."

"దానికి తెలిస్తే మీకెందుకు తెలీదు?"

బయటికి పొమ్మన్నారు. పోయాను.

అవును, నేను కుట్టేదాన్నే. చివరి థెరపిస్టు మూడేళ్ల కిందట ఒడ్డుకు వెళ్లిపోయింది. తర్వాత ఎవరినీ పంపలేదు. ఆవిడ వదిలేసిన పుస్తకంలో మొదటి నలభై పేజీలు ఉప్పునీళ్లకు ముద్దైపోయాయి. నేను నలభై ఒకటో పేజీ నుంచి చదివాను. అందుకే నాకు నిర్వచనాలు రావు. వ్యాయామాలొచ్చు. పుస్తకంలో లేనివి నలభై ఒక్కమంది ఒళ్లు చూసి నేర్చుకున్నాను.

రోజు 3

కుట్టినవి: భుజం పట్టీ ఒకటి, మేరుగు కాసులమ్మకు.

అందరికంటే ఒళ్లు మండించేది కాసులక్కే. మార్కుల చీటీ జాకెట్లో పెట్టుకుని వచ్చింది. పెళ్లి శుభలేఖలాగా తీసి చూపించింది.

"తొంభయ్యెనిమిదే రత్తం! ఊరు మొత్తానికి నాదే ఎక్కువ. నీకెంతొచ్చింది?"

"డెబ్బయ్యొకటి."

"పోన్లేవే. ఏడవకు."

"అక్కా, నీకు జబ్బు తొంభయ్యెనిమిది పాళ్లు ఉందని చెప్పిందది. అంతే."

"ఆయ్! సదువుకున్న మిషను శభాష్ అన్నాది. నువ్వేమో జబ్బు అంటన్నావు. ముప్పై నాలుగేళ్లలో నా ఒంటిని ఎవరైనా మెచ్చుకున్నారా? ఒక్కసారి మెచ్చుకోనియ్యవే."

చీటీ మడిచి మళ్లీ ఆమె చేతిలోనే పెట్టాను. యంత్రం మీద ఇంకా కోపం వచ్చింది.

ఆమె ఎవరో రాయాలి. తేలూరు అంటే అరవై బల్లకట్లు తాళ్లతో కట్టిన ఊరు. ఏడాదికి రెండుసార్లు లంగరెత్తి, నాచు ఎటు పెరిగితే అటు పోతుంది. అరవై బల్లకట్లనూ లాగే పెద్ద పడవ చుక్కాని పట్టేవాళ్లను సరంగు అంటాం. కాసులక్క ఎనిమిదేళ్లు సరంగు. నాలుగేళ్ల కిందట భుజం జారి ఆ చోటు పోయింది. ఇప్పుడు అక్కడున్నవాడు లాగితే ఊరు గుర్రంలా ఎగురుతుంది. లంగరు మార్పు రోజున నేను అసలు సూది పట్టను. సూదిబెజ్జం ఒకచోట, దారం ఇంకోచోట.

ఆ చుక్కాని తప్ప ఆమెకు ఇంకే కోరికా లేదు. ఇప్పుడు ఆమెను తాళ్లకు పంపుతున్నారు.

రోజు 5

కుట్టినవి: చెయ్యి కట్టుకునే జోలె ఒకటి.

కాసులక్క మళ్లీ కొలతమ్మ కుర్చీలో కూర్చుంది. ఎందుకంటే నూరు రాలేదట. నేను అడ్డం పడేలోపు ఇనుప చెయ్యి ఆమె చేతిని పైకెత్తి వెనక్కి వంచింది. టక్ మంది. భుజం ఎముక ముందుకు పొడుచుకొచ్చింది. జాకెట్టు లోపల గుడ్డు పెట్టినట్టు.

కొలతమ్మ అంది, "శభాష్! నూటికి నూరు. మీరు సంపూర్ణ ఆరోగ్యవంతులు."

అక్క అరవలేదు. ఆమెకు అలవాటు. కుర్చీ దిగి ముందుకు వంగింది, చెయ్యి వేలాడదీసింది, ఊపిరి మొత్తం వదిలి మెల్లగా తన భుజాన్ని తనే లోపలికి తెచ్చుకుంది. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుని, ఏడుస్తూ నవ్వింది.

"నూరొచ్చాదే," అంది.

చీటీ చింపి కిందపడేసింది.

జోగారావు గారు రిజిస్టరులో రాసింది ఇది: "స్వల్ప అసౌకర్యం. మార్కులు 100." నేను ఆ పేజీ చూపించి అడిగాను, తప్పిన కీలుకు నూరెలా వేస్తారని. ఆయన ముఖం కొంచెం మారింది. రాయి కాదు ఆయన. భయస్తుడు.

"నాకు వేరే దారి లేదమ్మా. ఊరు ఒప్పుకున్న కొలత ఇదొక్కటే. ఇంకొకటి ఉంటే చూపించు."

రోజు 6

కుట్టినవి: మోకాలి పట్టీ ఒకటి.

చూపిస్తాను.

ఊరి కట్టుబాట్ల పుస్తకం మొత్తం చదివాను. నిర్వచనాలతో సహా. నాచు ఎవరు కోయాలి, మంచినీళ్లు ఎవరు పంచాలి, పెళ్లి పడవకు ఎవరు దారివ్వాలి. నూట పన్నెండో పేజీలో సరంగు పరీక్ష. అది అందరికీ తెలిసిందే: రెండు బల్లకట్ల మధ్య వేలాడే ఊగుబల్ల మీద నిలబడి, నిండు నీళ్ల చెంబు అరచేతిలో పెట్టుకుని, ఏడు అలలు వెళ్లేదాకా చుక్క చిందకుండా ఉండాలి. ప్రతి లంగరు మార్పుకూ ముందు, ఊరందరి ఎదుట. కావాలంటే ఎవరైనా ఎక్కవచ్చు. గెలిచినవాళ్లలో మొదటివారికి చుక్కాని. గెలిచినవాళ్లు ఆ నీళ్లు తమకు నేర్పినవాళ్ల చేతుల మీద పోయాలి.

దాని కింద, ఎవరూ చదవని వాక్యం ఒకటుంది. మక్కీకి మక్కీ దించుతున్నాను:

"ఏడు అలలు చెంబు మోసినవారి ఒంటికి వేరే కొలత అడగరాదు."

కొట్టెయ్యలేదు. మార్చలేదు. ఉంది.

అంటే చెంబు మోసినవాళ్లకు కొలతమ్మ మార్కులూ, వాటితో వచ్చిన ఉత్తర్వూ చెల్లవు. కాసులక్క దగ్గరకు పరుగెత్తాను. ఆమె విని లేచి వెళ్లిపోబోయింది. నాలుగేళ్ల కిందట ఆమె భుజం జారింది ఆ ఊగుబల్ల మీదే, ఐదో అలకు. చెంబు సముద్రంలో పడింది. ఊరంతా చూసింది.

"ఇంకో చెంబు ముంచమంటావేటే?"

"ముంచితే ముంచు. నేను ఇంకోటి తెస్తా."

"సిగ్గు లేదే నీకు?"

"లేదక్కా. కోపం ఉంది. పద."

లంగరు మార్పు ఇరవై మూడున. పరీక్ష ఇరవయ్యిన. పద్నాలుగు రోజులున్నాయి.

రోజు 8

కుట్టినవి: కాసులమ్మకు కొత్త భుజం పట్టీ, మూడు పొరలు, లోపల తెరచాప గుడ్డ.

నిన్నంతా ఒక్కటే పని చేయించాను. కళ్లు మూయించి, ఆమె చేతిని ఎక్కడో పెట్టి, రెండో చేత్తో మోచెయ్యి తాకమన్నాను. జానెడు దూరంలో గాలిని తాకింది. మళ్లీ పెట్టాను. మళ్లీ జానెడు. కళ్లు మూసుకుంటే ఆమెకు తన మోచెయ్యి ఎక్కడుందో తెలియదు! కీలులోంచి కబురు రావడం లేదు. ఇన్నేళ్లు కంటితో చూసుకుంటూ బతికింది.

థెరపిస్టు పుస్తకంలో ఉంది ఇది, నూట నాలుగో పేజీ. సాగదీయకూడదు. చివరిదాకా వంచకూడదు. మధ్యలో ఆపి, అక్కడ నిలబెట్టడం నేర్పాలి. కొద్దిగా, రోజూ, అలసిపోకముందే ఆపాలి. నేను దానికి పెట్టిన రూలు: చెయ్యగలిగినదాంట్లో సగం.

పట్టీ మాత్రం బాగా బిగించి కుట్టాను. ఉక్కులా ఉంది.

రోజు 10

ఊగుబల్ల మీద మూడు అలలు! పట్టీ బ్రహ్మాండంగా పట్టింది. కుట్టినవి రాయడానికి తీరిక లేదు.

రోజు 11

కుట్టినవి: జోలె, మళ్లీ.

కాసులక్క పొద్దున్నే నాకు చెప్పకుండా వెళ్లి నలభైసార్లు చెంబు పట్టిందట. భుజం, మోచెయ్యి, మెడ వాచిపోయాయి. మంచం మీదుంది.

"సగం అన్నానా లేదా?"

"బాగుందనిపించిందే."

"బాగుందనిపించినప్పుడే ఆపాలి! బాగోలేనప్పుడు ఆపడం మేకకీ తెలుసు!"

"నా మీద అరవకే. నేను సరంగుని."

"ఇప్పుడు కాదు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. నేను అక్కడే గుమ్మంలో కూర్చున్నాను. జోలె కుట్టడం మొదలుపెట్టాను. చివరికి ఆమే అంది, గోడతో అన్నట్టు:

"నువ్వు తిడతావు గానీ, తప్పు నీదీ ఉంది. ఆ బల్ల మీద చెయ్యి పట్టింది నేను కాదే. నీ పట్టీ పట్టుకుంది. అది ఉంటే నా భుజం నిద్రోతంది. తీస్తే పడిపోతంది."

రోజు 12

కుట్టినవి: ఏమీ లేవు. విప్పినవి: ఒకటి.

ఆమె చెప్పింది నిజం. మూడేళ్లుగా నేను ఈ గదిలో గర్వంగా కుట్టినవన్నీ గోడలు. కొన్ని కీళ్లకు గోడ కావాలి, తప్పిన రోజున కావాలి, వేళ్లకు ఉంగరాలు కావాలి. కాసులక్క భుజానికి కావలసింది గోడ కాదు.

పుస్తకంలో దీనికి పేజీ లేదు. ఉంటే ఆ ముద్దైన నలభైలో ఉండి ఉంటుంది.

రోజు 13

కుట్టినది: ఒకే ఒక పీలిక.

పాత చీర అంచు, రెండు వేళ్ల వెడల్పు. మెడ పక్కనుంచి భుజం వెనకగా జబ్బ దాకా. అది దేన్నీ పట్టుకోదు. ఊరికే ఒంటిని తాకుతుంది. భుజం జారబోతే చర్మాన్ని కొంచెం లాగుతుంది. వెనకనుంచి ఎవరో తట్టి "ఒసే, ఇక్కడున్నావు" అన్నట్టు. అంతే దాని పని.

"ఇదేటే, రిబ్బనా?" అంది కాసులక్క.

"కట్టుకుని కళ్లు మూసుకో. మోచెయ్యి ఎక్కడుంది?"

బెత్తెడు తేడాతో తాకింది. నిన్నటిదాకా జానెడు.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మళ్లీ చేద్దాం అంది. సగం అయిపోయింది, రేపు అన్నాను. పళ్లు కొరికింది. కానీ ఆగింది. ఆమె ఆగడం నేను చూడడం అదే మొదటిసారి.

రోజు 16

కుట్టినవి: పీలికలు పదకొండు. మిగతా వాళ్లు వచ్చి అడుగుతున్నారు.

కాసులక్కకు నాలుగు అలలు. మోచెయ్యి తేడా రెండు వేళ్లు.

జోగారావు గారు గుమ్మం దాకా వచ్చి, కళ్లు మూసుకుని తమ మోచేతులు తాము తాకుతున్న పదకొండుమందిని చూసి వెళ్లిపోయారు. పిచ్చాసుపత్రి అనుకున్నారేమో.

రోజు 18

నాలుగే అలలు. ఐదోదానికి కాసులక్క దిగిపోతోంది. జారక ముందే దిగిపోతోంది. భుజం భయం కాదిది, ఆ ఐదో అల భయం. దీనికి పట్టీ లేదు నా దగ్గర. అదే చెప్పాను.

"మరేం సెయ్యాలే?"

"ఐదో అల వచ్చినప్పుడు గట్టిగా పట్టుకోకక్కా. మోచెయ్యి కాస్త కిందికి తే. అంతే."

"కిందికి తెస్తే చెంబు వొలికిపోదా?"

"గట్టిగా పట్టుకుంటే ఒలుకుతుంది. నువ్వే కదా ఎనిమిదేళ్లు చుక్కాని పట్టావు. అలకి ఎదురెళ్లేదానివా?"

చేతిని ఒకసారి కిందికి తెచ్చి చూసుకుంది.

"లేదు," అంది. "అలకి కాస్త ఇచ్చి, తరవాత తీసుకునేదాన్ని."

రోజు 20

కుట్టినవి: ఇవాళ అడగకండి.

ఊరంతా వచ్చింది. బల్లకట్ల అంచులు మునిగేంత జనం. ఊగుబల్ల కింద నీళ్లు నల్లగా లేస్తున్నాయి, పడుతున్నాయి.

కట్టుబాట్ల పుస్తకం చేత్తో పట్టుకుని నూట పన్నెండో పేజీ గట్టిగా చదివాను. ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివాను. జోగారావు గారు ముందుకొచ్చారు.

"రత్నం, ఇది సరంగుకు పెట్టిన పరీక్ష. ఆరోగ్యానికి కాదు. నిలబడడం అందరికీ వచ్చిన విద్యే. దాన్ని కొలత అంటే ఎలా?"

"అందరికీ వచ్చు కదా సార్? అయితే మీరు ముందు ఎక్కండి."

జనం గొల్లున నవ్వారు. ఎవరో చెంబు నింపి ఆయన చేతిలో పెట్టేశారు కూడా. పాపం, ఎక్కారు. నేనాయన్ని మెచ్చుకోవాలి, ఎక్కారు. మొదటి అల. రెండో అల. మూడో అలకు చెంబు నీళ్లు ఆయన చొక్కా మీద, కళ్లద్దాల మీద.

"సార్‌కి కొలతమ్మ ఎంతేసిందేటి?" అని వెనకనుంచి ఎవరో.

"ఎనభై నాలుగు," అన్నారాయన, తడి కళ్లద్దాలతో. నిజాయితీగానే.

"నాకు నూరండి," అంటూ కాసులక్క చీర కుచ్చెళ్లు దోపుకుని ఊగుబల్ల ఎక్కింది.

భుజం మీద పీలిక. ఇంకేమీ లేదు. చెంబు అంచు దాకా నింపారు, నీళ్లు అంచు పైకి ఉబ్బి నిలిచేంత. మోచెయ్యి ఒంటికి దగ్గరగా, మోకాళ్లు వెనక్కి విరుచుకోకుండా కాస్త వదులుగా. కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకోమని నేను చెప్పలేదు!

జనమే లెక్కపెట్టారు. ఒకటి. రెండు. మూడు దగ్గర నవ్వారు, జోగారావు గారి వైపు చూసి. నాలుగు.

ఐదోది పెద్దది. దూరంనుంచే తెలుస్తోంది. బల్ల ఒక పక్క పైకి లేచింది. ఆమె భుజం ముందుకు కదలడం నాకు కనిపించింది. ఆ గుడ్డు లేవడం మొదలైంది. పీలిక లాగింది. చర్మం ముడత పడడం ఇక్కడినుంచే చూశాను. ఊపిరి బిగబట్టాను. ఆమె బిగబట్టలేదు. ఊపిరి వదిలింది. మోచేతిని రెండు వేళ్లంత కిందికి, లోపలికి తెచ్చింది. అలకు కాస్త ఇచ్చింది.

నీళ్లు చెంబుకు ఒక పక్క అంచు మీద ఇంకాస్త ఉబ్బి, అక్కడ ఆలోచించి, వెనక్కి కూర్చున్నాయి.

ఐదు!

ఆరు ఎవరికీ వినబడలేదు, అంత గోల. ఏడు అన్నది మాత్రం ఊరంతా వింది.

కాసులక్క కళ్లు తెరిచింది. దిగింది. నడిచి నా దగ్గరకొచ్చింది. చుక్క పోలేదు.

"చేతులు పట్టవే," అంది.

పట్టాను. పోసింది. చల్లటి నీళ్లు. నిండు చెంబు, మొత్తం.

"శభాష్ అనవేటే?"

"అనను," అన్నాను. "సగం అయ్యాక ఆగావా లేదా, అది చెప్పు."

"పోవే," అంది. ఏడ్చేశాం ఇద్దరం. ఊరి ఎదుట. సిగ్గు లేదు.

అప్పుడు వెనక్కి చూస్తే ఊగుబల్ల దగ్గర వరస కట్టి ఉన్నారు, నలభైమంది, తలా ఒక చెంబుతో.

రోజు 21

కుట్టినవి: పీలికలు పంతొమ్మిది.

ఇప్పటికి ఇరవై ఆరుగురు ఏడు అలలు మోశారు. మిగిలిన పదిహేనుమంది ఇంకా నేర్చుకుంటున్నారు. ఇద్దరికి మోకాలు అసలు నిలబడనివ్వదు. వాళ్లు కూర్చుని మోయవచ్చా అని అడిగాను. కట్టుబాట్ల పుస్తకంలో "మోసినవారు" అని ఉంది, "నిలబడినవారు" అని లేదు. జోగారావు గారు పేజీ తిప్పి తిప్పి చూసి, "లేదు," అన్నారు. "కూర్చోవచ్చు."

ఉత్తర్వు తీసేశారు. జారుకీళ్ల వాళ్లను నాచు తాళ్లకు పంపరు. మోసినవాళ్లనూ, నేర్చుకుంటున్నవాళ్లనూ పట్టీలు, ఉంగరాలు ఎవరూ అడగరు. వ్యాయామ గంటలు తిరిగి ఇచ్చారు. ఆయనే తన చేత్తో రాసి సంతకం పెట్టారు.

కొలతమ్మను తీసెయ్యమని నేను అడగలేదు. బిగుసుకుపోయిన వాళ్లకు అది కావాలి. దాని కుర్చీ పైన ఒక పలక మాత్రం వేలాడదీశాను: "మీరు ఎంత వంగుతారో ఈమె చెబుతుంది. ఎలా ఉన్నారో చెప్పదు." జోగారావు గారు చదివి, మేకు వదులుగా ఉందని ఇంకొకటి కొట్టారు.

రోజు 23

కుట్టినవి: మణికట్టు పట్టీలు నాలుగు, పీలికలు ఆరు, మోకాలి పట్టీ ఒకటి.

పొద్దున లంగరెత్తారు. పెద్ద పడవ చుక్కాని దగ్గర కాసులక్క. ఒక చేత్తో అరగంట, తర్వాత రెండో చెయ్యి, మధ్యలో స్టూలు మీద కూర్చోవడం, గంటకు ఒకసారి సహాయకుడికి ఇచ్చి నీళ్లు తాగడం. అన్నీ ఆమే ముందే చెప్పి పెట్టుకుంది. సగం రూలు సరంగు నోట్లోంచి వస్తే ఊరంతా వింటుందని తెలిసింది.

అరవై బల్లకట్లు కదిలాయి. నేను అలవాటుగా సూది డబ్బీ మూసేశాను. కాసేపు చూశాను. గోడకు వేలాడే కత్తెర కదల్లేదు. గ్లాసులో నీళ్లు కదల్లేదు.

డబ్బీ తెరిచాను. దారం తడిపి, సూది ఎత్తాను.

మొదటిసారికే ఎక్కింది.